బడి జట్ల సీజన్ల రికార్డు పుస్తకం: వెతకడం, సరిచూడటం, రాయడం

ఉమ్మడి వరంగల్ జిల్లాలో కాస్త పాతబడిన జిల్లా పరిషత్ హైస్కూలుకు వెళ్తే హెచ్‌ఎం గదిలో బీరువా మీద నాలుగైదు కప్పులు, గోడకు రెండు షీల్డులు కనిపిస్తాయి. అవి ఏ ఏడువి, ఏ ఆటవి, ఆ జట్టులో ఎవరెవరు ఆడారు అని అడిగితే మాత్రం చెప్పేవాళ్ళు దొరకరు. పీఈటీ సార్ బదిలీతో సగం చరిత్ర పోతుంది. బడికి సున్నాలు వేసినప్పుడు మిగతా సగం పాత కాగితాల వాళ్ళకు పోతుంది. మిగిలినదాన్ని ఒక పుస్తకంలోకి తెచ్చే పద్ధతి ఇది. స్వర్ణోత్సవానికో పూర్వ విద్యార్థుల కలయికకో నెల ముందు మొదలుపెడితే విన్నదల్లా అచ్చులోకి వెళ్తుంది. ఒక విద్యా సంవత్సరం పెట్టుకుంటే పని నిలకడగా అవుతుంది.

సామాను పెద్దగా అక్కర్లేదు. 400 పేజీల లాంగ్ రిజిస్టరు, 2బి పెన్సిలు, నల్ల బాల్ పెన్ను, పల్చటి తెల్ల కాగితాలు, మెత్తటి నూలు గుడ్డ, టార్చి, ప్లాస్టిక్ కవర్లున్న ఫైలు, మంచి కెమెరా ఉన్న ఫోను ఉంటే చాలు.

ముందు కాగితాలు, తర్వాతే మనుషులు

ఈ వరస మార్చొద్దు. పాత కెప్టెన్ చెప్పింది ముందే వింటే, తర్వాత దొరికిన ప్రతి కాగితాన్నీ ఆ మాటకు తగ్గట్టే చదువుతాం.

ఆటల బీరువాలో ఏమీ లేకపోయినా ఆఫీసు గదిలో చాలా ఉంటుంది. ఆటల నిధి నగదు పుస్తకంలో ‘జోనల్ ఆటలకు పిల్లల బస్సు చార్జీలు, 12 మంది’ అన్న ఒక్క పద్దు చాలు, తేదీ, జట్టు సైజు రెండూ తెలిసిపోతాయి. ఉపాధ్యాయుల హాజరు పట్టీలో పీఈటీ సార్ పేరు ఎదురుగా ‘ఓడీ’ (ఆన్ డ్యూటీ) అని పడ్డ రోజులు జట్టు బయటికి వెళ్ళిన రోజులు కావచ్చు. నోటీసు పుస్తకంలో గెలిచిన పిల్లలను ప్రార్థనలో అభినందించిన సంగతి ఉంటుంది. స్టాక్ రిజిస్టరులో ఖోఖో స్తంభాలు ఎప్పుడు కొన్నారో చూస్తే ఆ ఆట బడిలోకి ఎప్పుడు వచ్చిందో ఉజ్జాయింపుగా తేలుతుంది. ఇవన్నీ ఫొటో తీసుకుని, ఏ పుస్తకం ఏ పేజీ అన్నది అక్కడికక్కడే రాసుకోండి. రిజిస్టర్లు బడి దాటి బయటికి పోకూడదు. చూడటానికి హెచ్‌ఎం అనుమతి రాతపూర్వకంగా తీసుకుంటే రేపు ఎవరికీ ఇబ్బంది ఉండదు.

కప్పుల దగ్గర జాగ్రత్త. నల్లబడ్డ కప్పు కనిపించగానే చింతపండు పెట్టి తోమాలనిపిస్తుంది. ఇత్తడి బిందెకు అది పనికొస్తుంది. వెండి పూత కప్పును తోమితే పూత పోతుంది, పూత మీద చెక్కిన సన్నటి అక్షరాలూ దానితోపాటే పోతాయి. పొడి గుడ్డతో దుమ్ము తుడవండి, అంతే. తర్వాత గది చీకటి చేసి టార్చిని పక్కనుంచి, దాదాపు రేకుకు ఆనించినట్టు పట్టండి. ఎదురుగా పట్టిన వెలుగులో కనపడని గీతలు నీడ పడి పైకి తేలతాయి. అప్పటికీ అక్షరం అందకపోతే రేకు మీద పల్చటి కాగితం పరిచి, 2బి పెన్సిలును వాల్చి మెల్లగా రుద్దండి. చెక్కినచోట తెల్లగా మిగిలి ‘రన్నర్స్’ అనో ‘1987–88’ అనో అక్షరాలు దిగుతాయి. 3, 8 అంకెలు ఒకదానికొకటి మారిపోయేది ఇక్కడే. రెండుసార్లు రుద్ది, రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఈమధ్య వచ్చే ప్లాస్టిక్ మెమెంటోల మీద స్టిక్కరు నాలుగేళ్ళకే వెలిసిపోతుంది. వాటి సంగతి ముందు చూడండి, పాత ఇత్తడి కప్పు ఆగగలదు.

ఏడు తప్పిందా, అన్నీ తప్పుతాయి

సీజన్‌ను విద్యా సంవత్సరంతోనే రాయాలి. ఆగస్టులో మండల స్థాయితో మొదలైన ఆట జనవరిలో జాతీయ పోటీలతో ముగిస్తే సర్టిఫికెట్ల మీద రెండు వేర్వేరు సంవత్సరాలు ఉంటాయి. 1997, 1998 అని రెండు సీజన్లుగా ఎక్కిస్తే లేని కప్పు ఒకటి పుట్టుకొస్తుంది. దాన్ని 1997–98 అనే రాయండి.

మన దగ్గర ఎవరూ సంవత్సరం అంకెతో గుర్తుపెట్టుకోరు. ‘సమ్మక్క జాతర అయిన ఏడు’ అంటారు. మేడారం జాతర రెండేళ్ళకోసారి, సరి సంవత్సరంలో, చలికాలం చివర వస్తుంది. కాబట్టి ‘జాతరకు ముందు గెలిచినం’ అంటే అంతకుముందు వానాకాలం ఆటలు, అంటే 1997–98 లాంటి సీజన్. ‘జాతర అయినంక’ అంటే తర్వాతి సీజన్. ఈ ఒక్క ప్రశ్న అడగకపోవడంవల్ల ఏడాది తేడా వచ్చేస్తుంది. గోదావరి పుష్కరాలూ ఇలాగే పనికొస్తాయి: 1991, 2003, 2015. 2011 సెప్టెంబర్ 13 నుంచి 42 రోజుల సకల జనుల సమ్మె సరిగ్గా ఆటల కాలంలోనే పడింది. 2011–12 తేదీలు అటూఇటూ అయ్యి కనిపిస్తే కారణం అక్కడ వెతకండి. 2019 అక్టోబర్‌లో ఆర్టీసీ సమ్మె, పొడిగించిన దసరా సెలవులు కూడా అంతే. కరోనాతో బళ్ళు మూతపడిన 2020–21కి ఎవరైనా కప్పు చూపిస్తే ఒకటికి రెండుసార్లు అనుమానించండి.

మండలాల, జిల్లాల పేర్లు మారిన సంగతి ఇంకా పెద్ద చిక్కు. మండలాలు 1985లో వచ్చాయి. 1982లో మండల ఛాంపియన్లం అని ఎవరన్నా అంటే అబద్ధమని కాదు, అప్పటి పోటీని ఇప్పటి మాటలో చెప్తున్నారన్నమాట. 2014 జూన్ 2కు ముందు రాష్ట్ర స్థాయి అంటే 23 జిల్లాల ఆంధ్రప్రదేశ్. ఆ సర్టిఫికెట్‌నూ ఇప్పటి రాష్ట్ర స్థాయినీ ఒకే వరసలో పెట్టకూడదు. 2016 అక్టోబర్ 11న, సీజన్ నడుమ, వరంగల్ జిల్లా ముక్కలయింది: వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి. చేర్యాల వైపు బళ్ళు సిద్దిపేటకు వెళ్ళాయి. 2019 ఫిబ్రవరిలో ములుగు వేరయింది. 2021 ఆగస్టులో అర్బన్ హనుమకొండ అయింది, రూరల్ వరంగల్ అయింది. అందుకే 1998 ‘వరంగల్ జిల్లా విన్నర్’, 2022 ‘వరంగల్ జిల్లా విన్నర్’ ఒకటి కావు. సర్టిఫికెట్ మీద ఉన్న పేరు ఉన్నట్టే రాసి, పక్కన ఇప్పటి జిల్లా పేరు వేయండి.

అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు ఇంకొకటి ఉంది. స్కూల్ గేమ్స్‌లో కింది స్థాయిలో బడి జట్టుగా ఆడతారు. పైకి పోయేకొద్దీ ఎంపికలు జరిగి, వేర్వేరు బళ్ళ పిల్లలతో జిల్లా జట్టు, రాష్ట్ర జట్టు కడతారు. ‘మా బడి రాష్ట్రంలో ఫస్టొచ్చింది’ అన్న మాట వెనక తరచుగా ఉండేది ‘మా బడి పిల్లలు ఇద్దరు జిల్లా జట్టులో ఆడారు’ అన్నదే. అది చిన్న విషయమేం కాదు, కానీ వేరే విషయం. దానికి వేరే గడి ఉండాలి. ‘పాల్గొన్నారు’ అని ఉన్న సర్టిఫికెట్, స్థానం వేసి ఇచ్చిన సర్టిఫికెట్ కూడా కలిపేయొద్దు.

స్కోరు తనే సాక్ష్యం చెప్తుంది

చాలామందికి తెలియని ఉపాయం: ఆట నియమాలతోనే పాత స్కోర్లను పరీక్షించొచ్చు.

కబడ్డీలో లోనా పడాలంటే ఎదుటి ఏడుగురూ అవుట్ కావాలి, దానికి 7 పాయింట్లు, లోనాకు మరో 2. అంటే ఒక్కో లోనాకు తక్కువలో తక్కువ 9. ‘మూడు లోనాలు వేసి 24–20తో గెలిచినం’ అనేది జరగదు, మూడు లోనాలకే 27 కావాలి. లోనాలన్నా తక్కువ, స్కోరన్నా ఎక్కువ. అలాగే 1994 మ్యాచ్ గురించి చెప్తూ ‘సూపర్ టాకిల్ చేసిన’ (కోర్టులో ముగ్గురో అంతకంటే తక్కువో ఉండగా రైడర్‌ను పట్టడం) అంటే, 2014లో ప్రో కబడ్డీ మొదలయ్యాక నోట్లోకొచ్చిన మాటను వెనక్కి పంపుతున్నారని గుర్తుపట్టండి. పట్టు నిజమే కావచ్చు, దానికి అదనపు పాయింటు మాత్రం లెక్కేయకండి.

వాలీబాల్‌లో ర్యాలీ పద్ధతి (సర్వీసు ఎవరిదైనా ప్రతిసారీ పాయింటు, సెట్టు 25కు) 2000 ప్రాంతంలో స్థిరపడింది. అంతకుముందు సెట్టు 15కు ఆడేవారు, సర్వీసు చేసే జట్టుకే పాయింటు, ఎనభైల చివరి నుంచి చివరి సెట్టుకు మాత్రం ఇది లేదు. కాబట్టి 1993 అని రాసిన కాగితంలో మొదటి సెట్టు 25–21 అని ఉంటే ఏడు తప్పు. మొదటి సెట్టు 15–12 అని ఉంటే పాత కాలపుదే అనుకోవచ్చు. చివరి సెట్టు 15కు పోవడం మాత్రం దేన్నీ తేల్చదు, ఇప్పుడూ అంతే.

ఖోఖోలో ‘ఇన్నింగ్స్ 4 పాయింట్లతో గెలుపు’ అని చూసి క్రికెట్ కాగితమని పక్కన పడేసే పిల్లలున్నారు. ‘2 పాయింట్లు, 3 నిమిషాల 20 సెకన్లు మిగిలి ఉండగా’ అన్నదీ ఖోఖో ఫలితమే. రన్నర్ నిలిచిన సమయం 2.40 అని ఉంటే రెండు నిమిషాల నలభై సెకన్లు. కంప్యూటర్లో దాన్ని దశాంశంగా కొట్టి సగటు తీస్తే లెక్క చెడుతుంది. 160 సెకన్లు అని మార్చి కొట్టండి.

పేర్లు

‘కె. రాజు’ అన్న పేరు ఒకే పదేళ్ళలో అడ్మిషన్ రిజిస్టరులో ఆరుసార్లు కనిపించినా ఆశ్చర్యం లేదు. అందుకే ప్రతి ఆటగాడికీ అడ్మిషన్ నంబరే గుర్తు. ఇంటిపేరు, తండ్రి పేరు, ఊరు కూడా బడి పుస్తకం కోసం పెట్టుకోండి, అచ్చువేసే కాపీలో పేరు, ఊరు చాలు. ఆడపిల్లల విషయంలో పెళ్ళి తర్వాతి ఇంటిపేరుతో వెతికితే దొరకరు, సర్టిఫికెట్ మీది పేరుతోనే ఎక్కించాలి. ఫోన్ నంబర్లు, పుట్టిన తేదీలు బయటి కాపీలోకి రానీయొద్దు.

మనుషులను అడిగేటప్పుడు ఒకేసారి గుంపుగా కూర్చోబెట్టొద్దు. గట్టిగా మాట్లాడే అన్న చెప్పిందే అందరి జ్ఞాపకమైపోతుంది. విడివిడిగా ఇద్దరిని అడిగి, ఇద్దరి మాట కలిస్తేనే పెన్నుతో రాయండి. ఒక్కరి మాటైతే పెన్సిలు. ‘ఫైనల్ ఎట్లా గెలిచిన్రు?’ అని కాకుండా ‘ఏ బస్సెక్కి పోయిన్రు, ఎక్కడ పండుకున్నరు, బనియన్ రంగేంది?’ అని అడగండి. గెలుపు కథ పదిసార్లు చెప్పి నున్నబడి ఉంటుంది. బనియన్ రంగు ఫొటోతో కలుస్తుందో లేదో చూస్తే చాలు.

పేజీ ఎలా ఉండాలి

ఒక్కో సీజన్‌కు ఎదురెదురు రెండు పేజీలు. ఎడమ పేజీలో విద్యా సంవత్సరం, ఆట, అండర్–14 లేక అండర్–17, బాలురా బాలికలా, ఆడిన ప్రతి మ్యాచ్ తేదీ, చోటు, ఎదుటి జట్టు, స్కోరు, ఏ స్థాయిదాకా వెళ్ళారు. కుడి పేజీలో జట్టు పేర్లు, ఎంపికైనవాళ్ళు, పీఈటీ పేరు, ఆధారం. ఆధారం దగ్గర ‘క’ అంటే కాగితం, ‘వ’ అంటే వస్తువు, ‘మ’ అంటే మనిషి మాట. తెలియని గడి ఖాళీగా వదలండి. ఖాళీ గడి చూసి ఎవరో ఒకరు ఇంటినుంచి సర్టిఫికెట్ తెస్తారు, ఊహించి నింపిన గడి చూసి ఎవరూ తేరు.

కప్పు రాని సీజన్లను చిన్నచూపు చూడొద్దు. బడి తరఫున మొదటిసారి బాలికల జట్టు జోన్ దాటిన ఏడు, ఏడో మనిషి జ్వరంతో పడితే ఆరుగురితో దిగి ఓడిన ఏడు కూడా రెండు పేజీలకు తగినవే. పర్వతగిరి మండలం కల్లెడ నుంచి వెళ్ళిన జీవాంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల టీ20 (మేధోపరమైన వైకల్యం ఉన్నవాళ్ళ విభాగం) పరుగులో కాంస్యం తెచ్చింది. అలాంటివాళ్ళ తొలి అడుగులు మండల స్థాయి కాగితాల మీదే ఉండొచ్చు. ఆ కాగితాలే మనం ముందుగా పారేసేవి.

కంప్యూటర్లో ఎక్కించేటప్పుడు యూనికోడ్‌లోనే కొట్టించండి. డీటీపీ షాపులో అను ఫాంట్లలో కొట్టిస్తే అచ్చు బాగానే వస్తుంది, అదే ఫైలు ఫోన్లో తెరిస్తే గజిబిజి అక్షరాలు. పదేళ్ళ తర్వాత వెతకడానికి అది దేనికీ కొరగాదు.

ఫొటో ఫ్రేము అద్దానికి అంటుకుపోతే పీకొద్దు, రంగు అద్దం మీదే ఉండిపోతుంది. కిటికీ పక్కన, ఎండ నేరుగా పడనిచోట, అద్దంతోనే ఫోనుతో తీయండి. విడి ఫొటోలు చిన్నవైతే 600 డీపీఐలో స్కాన్ చేయించండి. పేర్లు ఫొటో వెనక పెన్సిలుతో రాయాలి, బాల్ పెన్ను అచ్చు ముందుకు తేలుతుంది. సర్టిఫికెట్లకు లామినేషన్ వద్దు, ఒకసారి వేస్తే తీయలేం. ప్లాస్టిక్ కవర్లో పెడితే చాలు. బీరువాను గోడకు జానెడు దూరం జరిపి, కాళ్ళ కింద ఇటుకలు పెట్టండి. కలరా ఉండలు చిన్న పురుగులకే, చెదలకు కాదు.

ఈ ఏటి జట్టు సంగతి మాత్రం రేపటికి వదలొద్దు. మ్యాచ్ అయిపోయాక స్కోర్‌షీటు అధికారుల చేతికి వెళ్ళిపోతుంది. అంతకుముందే అడిగి ఫొటో తీసుకోండి, మడత, నీడ లేకుండా, నాలుగు మూలలూ పడేట్టు. అదే సాయంత్రం తిరుగు బస్సులో, కబడ్డీ జట్టయితే పన్నెండు మంది పేర్లూ ఒక కాగితం మీద వాళ్ళ చేతనే రాయించండి. బెంచీ మీద కూర్చున్న ఐదుగురివీ కలిపి.