బడి విలీనంపై చర్చకు సిద్ధపడటం ఎలా

ఊరి ప్రాథమిక పాఠశాలను మరో బడిలో కలపాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు, ఆవేశపడే ముందు హాజరు పట్టీ తెరిచి, పేర్లెన్ని ఉన్నాయో కాక, వారం రోజులపాటు నిజంగా వచ్చిన పిల్లలెందరో రాసుకోండి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది వరకు పిల్లలున్న ప్రాథమిక బడికి ఇద్దరు ఉపాధ్యాయులుండాలి. ఒక్కరే ఉంటే, ఖర్చు తగ్గింపు మాటకన్నా ముందు ఆ ఖాళీ సంగతి అడగండి.

ఆంధ్రప్రదేశ్‌లో 2022 నాటి 117వ జీవోతో 3, 4, 5 తరగతులను ఉన్నత పాఠశాలలకు తరలించినప్పుడు, తల్లిదండ్రులను కలవరపెట్టినది దూరం. కాబట్టి కొత్త బడిదాకా మీరే పిల్లవాడి నడకతో, పుస్తకాల సంచీ మోస్తూ ఒకసారి వెళ్లి, దాటవలసిన వాగునూ లారీలు తిరిగే రోడ్డునూ చర్చ జరిగే సమావేశపు మినిట్స్ పుస్తకంలో రాయించండి. అవతలి వాదనలోనూ పస ఉంది: ఒకే టీచరు ఐదు తరగతులకు చెప్పే చోట ఏ తరగతికీ పూర్తి పాఠం అందదు. తీర్మానాన్ని మాత్రం పైకి చదివించుకున్నాకే సంతకం చేయండి.