పికప్ పొట్టిగా చేయించాలా? ఛాసిస్ కోయొద్దు, బాడీ మార్పుకు ఆర్టీఏ పర్మిషన్ ఇలా తీసుకోండి

బత్తాయి తోటలో చెట్ల మధ్య బండి తిరగట్లేదని పికప్ ఛాసిస్‌ను (బండి కింది ఇనుప ఫ్రేమును) ఇంటి దగ్గరే కోయించి వెల్డింగ్ పెట్టించాలనుకుంటుంటే, దయచేసి ఆగండి. వెల్డింగ్ వేడికి అతుకు పక్కన ఇనుము బలం తగ్గుతుంది, లోడుతో గుంతల్లో పడ్డప్పుడు పగులు మొదలయ్యేది అక్కడే. ఇంజిన్ శక్తిని వెనక చక్రాలకు చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్, బ్రేకు పైపులు కూడా కోసి మళ్లీ కలపాలి. ఇంటి ముందు చేసే పని కాదిది, ప్రాణాలతో పని.

పైగా పర్మిషన్ కూడా రాదు. వీల్‌బేస్, అంటే ముందు వెనక చక్రాల మధ్య దూరం, ఆర్సీలో ఉంటుంది, కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చొద్దని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే తేల్చింది. ఓనర్‌కు ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, రెండూ పడినా పడొచ్చు.

ఛాసిస్ ముట్టకుండా వెనక బాడీ మార్పించుకోవాలంటే మాత్రం అడగొచ్చు, కానీ పని మొదలుపెట్టకముందే అడగాలి. మీ అడ్రస్ ఏ ఆఫీసు కిందికొస్తే అక్కడే దరఖాస్తు. పాత ఏపీ 24 (ఉమ్మడి నల్గొండ జిల్లా) నంబరున్నా ఇప్పుడు సూర్యాపేటలో ఉంటే సూర్యాపేట ఆఫీసే, ఆర్సీలో అడ్రస్ మారకపోతే ముందు అది మార్పించుకోండి. ఆర్సీ, ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్, పొల్యూషన్, పర్మిట్, ట్యాక్స్ కాగితాలు చేతిలో పెట్టుకోండి, చలాన్లు ఉంటే కట్టేయండి. ఫైనాన్స్ ఉంటే వాళ్ల రాతపూర్వక ఒప్పుకోలు లేకుండా ముందుకెళ్లొద్దు, దరఖాస్తు దీని దగ్గరే ఆగిపోవచ్చు. కొత్త బాడీ పొడవు, వెడల్పు, ఎత్తు రాసిన డ్రాయింగ్ బాడీ బిల్డర్ దగ్గర తీసుకుని జతచేయండి.

పర్మిషన్ చేతికొచ్చాకే పని చేయించండి. పూర్తయ్యాక 14 రోజుల్లోపే ఆఫీసుకు తెలియజేసి బండి చూపించండి. బిల్లుతో పాటు ఖాళీ బండి కాటా చీటీ కూడా పట్టుకెళ్లండి, ఎందుకంటే బాడీ మారితే ఖాళీ బరువూ మారుతుంది. ఇన్‌స్పెక్టర్ ముందు చూసేది ఛాసిస్ నంబరే. దాని మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే ప్రతి అంకె అచ్చు పడాలి, కాబట్టి మట్టి, గ్రీజు గుడ్డతో తుడిచి తీసుకెళ్లండి, గ్రైండర్ మాత్రం అస్సలు పెట్టొద్దు, నంబర్ చెరిగితే అదో పెద్ద టెన్షన్.

ఆర్సీలో కొత్త వివరాలు ఎక్కాక దాని కాపీ ఇన్సూరెన్స్ కంపెనీకి పంపి, పాలసీలో కూడా రాయించుకోండి.