భుజం నొప్పి తగ్గదు, చేతుల వాపు పోదు: ఎక్కడ వెతకాలి?

ఎక్స్‌రే అయిపోతుంది, మెడకి ఎమ్మారై అయిపోతుంది, నొప్పి బిళ్లలు మూడు రకాలు మారతాయి. నొప్పి ఒక భుజానికా రెండిటికా, వాపు ఒక చేతికా రెండు చేతులకా అన్న ప్రశ్న మాత్రం ఎవరూ వేసుకోరు. సగం కారణాలు అక్కడే తేలిపోతాయి. ఇంకోటి: వాచిన చేతి వెనకవైపు బొటనవేలితో కాసేపు అదిమి వదలండి. గుంట పడితే నీరు చేరినట్టే.

ఒక వైపే అయితే

చెయ్యి మీరెత్తినా, పక్కవాళ్లెత్తినా లేవడం లేదా? ఫ్రోజెన్ షోల్డర్, అంటే భుజం కీలు బిగుసుకుపోవడం. షుగర్ ఉన్నవాళ్లకి ఎక్కువగా వస్తుంది, కాబట్టి ఎప్పుడూ చూపించుకోనివాళ్లు ముందు ఆ పరీక్ష చేయించుకోండి. దీనికి వ్యాయామం, నెలల ఓపిక కావాలి. పక్కవాళ్లెత్తితే లేస్తోందంటే రొటేటర్ కఫ్ (భుజం కీలుని పట్టి ఉంచే కండరాలు, వాటి నరాల్లాంటి కొసలు) చూపించుకోవాలి. ఈ రెండిట్లోనూ చెయ్యి సాధారణంగా వాయదు.

మణికట్టు విరిగాకో, పక్షవాతం వచ్చాకో భుజం నొప్పితో పాటు చెయ్యి వాచి, ముట్టుకుంటే మంటపుడితే సీఆర్‌పీఎస్ (దెబ్బ తర్వాత నరాల తీరు మారి నొప్పి, వాపు మిగిలిపోయే జబ్బు) అని అనుమానించాలి. భయపడి చెయ్యి కదపకుండా దాచుకుంటే అది ఇంకా ముదురుతుంది, ఫిజియోథెరపీ త్వరగా మొదలుపెట్టాలి. చెయ్యి మొత్తం హఠాత్తుగా వాచి నీలంగా మారితే రక్తం గడ్డ కావచ్చు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

రెండు వైపులా అయితే

ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే. మనిషికి 50 దాటి ఉంటాయి. కొద్ది రోజుల్లోనే రెండు భుజాలూ, తరచూ తొడల పైభాగం కూడా పట్టేస్తాయి. పొద్దున చొక్కా తొడుక్కోలేరు, తల దువ్వుకోలేరు, మంచం మీద పక్కకి ఒత్తిగిలలేరు. ముప్పావుగంటో గంటో గడిచాక సడలుతుంది. డాక్టరు దగ్గరికి వెళ్లేది సాయంత్రం, అప్పటికి చేతులు బాగానే లేస్తాయి! ఎక్స్‌రేలో ఏమీ ఉండదు, కీళ్లవాతానికి చేసే రక్తపరీక్ష ఆర్‌ఏ ఫ్యాక్టర్ నెగటివ్, దాంతో ‘వయసు’ అనేస్తారు.

ఇది పాలీమయాల్జియా రుమాటికా, భుజాలు, తుంటి చుట్టూ వాపు వల్ల పట్టేసే జబ్బు. కొందరికి చేతుల వెనక గుంటపడే వాపు కూడా వస్తుంది. పొద్దున ఎంతసేపు పట్టేసిందో గడియారం చూసి రాసుకెళ్లండి, ఒంట్లో వాపు ఉందో లేదో చెప్పే రక్తపరీక్షలు ఈఎస్ఆర్, సీఆర్‌పీ అడగండి. అవి దాదాపు ఎప్పుడూ పెరిగే ఉంటాయి. చికిత్స ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్, మొదట సాధారణంగా రోజుకి 12.5 నుంచి 25 మిల్లీగ్రాములు. చాలామందికి వారంలోపే తేడా తెలుస్తుంది.

అదే చిక్కు కూడా. పరీక్షలకి ముందే ఎవరో చెప్పారని స్టెరాయిడ్ మింగితే రిపోర్టులు మామూలుగా వచ్చి అసలు జబ్బు దాగిపోతుంది. హాయిగా ఉందని ఒక్కసారిగా ఆపేయడం ఇంకా ప్రమాదం. మెల్లగా తగ్గించుకుంటూ రావాలి, తరచూ ఏడాది పైనే పడుతుంది. ఈలోగా షుగరు, ఎముకలు కనిపెట్టుకోవాలి. కొత్తగా తలనొప్పి, నమిలితే దవడ నొప్పి, చూపు మసకబారడం వస్తే అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి. చూపు పోయే ప్రమాదం ఉంది.

వేలి కణుపులే వాచి నొప్పెడుతుంటే రుమటాయిడ్ కీళ్లవాతం వైపు చూడాలి, యాంటీ సీసీపీ అనే రక్తపరీక్ష చేయిస్తారు. థైరాయిడ్ కూడా ఓసారి చూపించండి. పాదాలు, మొహం కూడా ఉబ్బితే కిడ్నీ, గుండె సంగతి వేరే చూడాలి. ఊపిరితిత్తి పైకొసన గడ్డ ఉన్నా భుజం నొప్పి రావచ్చు, అరుదు. అదే వైపు కనురెప్ప వాలితే మాత్రం ఛాతీ ఎక్స్‌రే తీయించండి.