బోర్డుపై తెలుగును బొద్దుగా, వాలుగా వేయించేటప్పుడు

కడప ఏడురోడ్ల కూడలి లాంటి చోట బండి మీద వెళ్లేవారు చదవాల్సిన దుకాణం బోర్డుకు బొద్దుగా, వాలుగా ఉండే అక్షరాలు కావాలని మీరు కోరుకుంటే, డిజైనర్ ఇటాలిక్ మీట నొక్కే ముందు ఒక్క విషయం గమనించండి. నోటో సాన్స్ తెలుగు, అనెక్ తెలుగు, బాలూ తమ్ముడు 2 వంటి ఫాంట్లలో బొద్దు రూపాలున్నాయి గానీ ప్రత్యేకంగా గీసిన వాలు రూపం లేదు. అందుచేత సాఫ్ట్‌వేర్ నిలువు అక్షరాన్నే పక్కకు వంచుతుంది. అలా వంచినప్పుడు తలకట్టు కుడికి, కింది వత్తు ఎడమకు జరుగుతాయి. లక్ష్మి అన్న పేరులో క కింది వత్తులు ల వైపు నెట్టుకుపోవడం పెద్ద బోర్డుపై స్పష్టంగా కనబడుతుంది, అది నాకు చాలా బాధ కలిగిస్తుంది.

కాబట్టి ముందుగా అక్షరాలను ఫాంటుతో పనిలేని గీతల ఆకారాలుగా, అంటే కర్వ్స్‌గా మార్చి, ఎనిమిది డిగ్రీలకు మించకుండా వంచి, జరిగిన వత్తులను చేత్తో సరిచేయించండి. కర్వ్స్‌గా మారిస్తే ఫ్లెక్సీ ముద్రించే కంప్యూటర్లో ఆ ఫాంటు లేకపోయినా వత్తులు చెదరవు. అన్నిటికన్నా లావైన రూపం కంటే ఒక మెట్టు తక్కువది ఎంచుకుంటే థ లోపలి చుక్క, భ కింది గీత పూడుకుపోవు. ఫోన్ నంబరుకు, ఇంగ్లిషు పేరుకు మాత్రం పాపిన్స్ బోల్డ్ ఇటాలిక్ అనే ఫాంటు నిశ్చింతగా వాడవచ్చు, ఎందుకంటే దాని వాలు రూపాన్ని విడిగా గీశారు.