ఆల్ వీల్ డ్రైవ్ కారుకు వేరే తరం ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఎలా బిగించాలి?

కడప, రాజంపేట, రాయచోటి ప్రాంతాల నుంచి కువైట్ వెళ్లి గ్యారేజీల్లో పనిచేసే కుర్రాళ్లకు ఈ తతంగం బాగా తెలుసు. షువైఖ్ షెడ్డుకు గేర్‌బాక్సు పోయిన ఆల్ వీల్ డ్రైవ్ (నాలుగు చక్రాలకూ శక్తి అందే) సుబారు ఫారెస్టరో, అవుట్‌బ్యాకో వస్తుంది. యజమాని అమ్‌ఘరా తుక్కు యార్డులో చవకగా దొరికిన పెట్టె తెచ్చి పడేస్తాడు. అది ఏ తరానిదో, ఏ నిష్పత్తిదో (చక్రం ఒక చుట్టు తిరగడానికి షాఫ్టు ఎన్ని చుట్లు తిరగాలో) ఎవరూ చూడరు. బోల్టులు బిగించి పంపిస్తారు, కొద్ది రోజులకే బండి మళ్లీ లారీ ఎక్కి వస్తుంది. ఈ పని నేను అక్కడ చేశాను, ఇప్పుడు కడపలోనూ చేస్తున్నాను. మంచి గేర్‌బాక్సులు తొందరపాటుకు బలైపోవడం చూసి చూసి విసిగి ఇది రాస్తున్నాను.

ఇక్కడ చెప్పేది సుబారు నాలుగు గేర్ల ఆటోమేటిక్, అంటే ఫోర్ ఈఏటీ గురించి. ఇందులో రెండు దశలు, అంటే రెండు తరాలు ఉన్నాయి. సుమారుగా 1999 మోడళ్ల నుంచి వచ్చింది రెండో దశ. గేర్‌బాక్సు బయట, ఇంజన్ ఆయిల్ ఫిల్టర్ మాదిరి తిప్పి బిగించే ఫిల్టర్ ఉంటే అది రెండో దశదే. మొదటి దశ బండికి రెండో దశ పెట్టె వేయాలంటే కంప్యూటర్, వైర్లు, సెన్సార్లు అన్నీ మారాలి. వైర్లు కోసి అతికించి నడిపిస్తామనేవాళ్లు ఉన్నారు. నా షెడ్డులో అది ఒప్పుకోను, వేరే తరం పెట్టె జోలికే పోవద్దంటాను. ఒకే దశలోని వేర్వేరు మోడళ్ల మధ్య మార్చుకోండి, అదీ పూర్తి జతగా: గేర్‌బాక్సు, దాని కన్వర్టర్ (ఇంజన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్సుకు అందించే గుండ్రటి డబ్బా), దాని కంప్యూటర్, వెనక డిఫరెన్షియల్ (షాఫ్టు తిప్పుడును రెండు చక్రాలకు పంచే గేర్ల పెట్టె), నాలుగూ ఒకే బండివి కావాలి.

వెనక డిఫరెన్షియల్ ఎందుకంటారా? ముందు చక్రాల డిఫరెన్షియల్ గేర్‌బాక్సు లోపలే ఉంటుంది. దాని నిష్పత్తి 4.44 అయి, మీ బండి వెనకది 4.11 అయితే ముందు చక్రాలు ఒక వేగం అడుగుతాయి, వెనక చక్రాలు మరో వేగం అడుగుతాయి. తేడా 8 శాతం. ఆ పోట్లాటంతా గేర్‌బాక్సు తోక భాగంలో ఉన్న క్లచ్ ప్లేట్ల మీద పడుతుంది, అవి కాలిపోతాయి. వెనకది ఏ నిష్పత్తో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. వెనక చక్రాలు రెండూ లేపి, ప్రొపెల్లర్ షాఫ్టు (గేర్‌బాక్సు నుంచి వెనక డిఫరెన్షియల్‌కు పోయే పొడుగాటి షాఫ్టు) మీద సుద్దతో గీత పెట్టి, రెండు చక్రాలనూ కలిపి 9 చుట్లు తిప్పండి. షాఫ్టు 37 చుట్లు తిరిగితే 4.11, 40 తిరిగితే 4.44. ఒక్క చుట్టు తిప్పి అందాజుగా చెప్పేవాళ్లను నమ్మకండి.

విప్పడం సులువే. బ్యాటరీ తీయండి, ఆయిళ్లు దించండి, సైలెన్సర్ గొట్టం, ప్రొపెల్లర్ షాఫ్టు, యాక్సిళ్లు, కూలర్ గొట్టాలు, వైర్ల ప్లగ్గులు, క్రాస్ మెంబరు విప్పండి. ఇంజన్, గేర్‌బాక్సు కలిపి చైన్ బ్లాకుతో ఒకేసారి పైకి తీయండి. ఇంజన్‌ను బండిలోనే ఉంచి గేర్‌బాక్సును కిందికి దించేవాళ్లే ఎక్కువ, గంటో రెండు గంటలో మిగులుతాయని వాళ్ల లెక్క. కానీ వెల్లకిలా పడుకుని, జాకీ మీద అంత బరువు ఊగుతుండగా, అసలు పని చేతికి తెలియదు. నేల మీద నాలుగు వైపులా కనబడుతూ కలిపిన గేర్‌బాక్సే నిలుస్తుంది.

ఆ అసలు పని కన్వర్టర్‌ను కూర్చోబెట్టడం. మిగతావి తప్పితే దిద్దుకోవచ్చు, ఇది తప్పితే పెట్టే పోతుంది.

చాలా బండ్లలో ఆయిల్ పంపు కన్వర్టర్‌కు ఆనుకునే ఉంటుంది. ఇందులో అలా కాదు. మధ్యలో ముందు డిఫరెన్షియల్ ఉంటుంది, పంపు దాని వెనక ఉంటుంది. అందుకే బోలుగా ఉన్న ఇన్‌పుట్ షాఫ్టు లోపలి నుంచి సన్నటి పంపు షాఫ్టు ఒకటి పోతుంది. కన్వర్టర్ మూడింటితో కలవాలి: బయట స్టేటర్ గొట్టం, దాని లోపల ఇన్‌పుట్ షాఫ్టు, నడిమధ్య పంపు షాఫ్టు. మూడింటికీ పళ్లున్నాయి, మూడూ పడాలి. కన్వర్టర్ లాగినప్పుడు పంపు షాఫ్టు దానితోపాటే బయటికి రావచ్చు. యార్డులో ఎవరో ముందే లాగి ఉంటే అది అక్కడే పడిపోయి ఉండవచ్చు. కొనేముందే టార్చి వేసి చూడండి.

కన్వర్టర్ లాగకముందే గేర్‌బాక్సు నోటికి (ఇంజన్‌కు ఆనే తెరిచిన వైపుకు) అడ్డంగా స్టీలు స్కేలు పెట్టి, అక్కడి నుంచి కన్వర్టర్ బోల్టు ముఖం దాకా లోతు కొలిచి రాసుకోండి. ఈ అంకె లేకుండా తర్వాత చేసేదంతా గుడ్డిపని. ఆయిల్ సీలు కొత్తది వేసి, దాని పెదవికి ఆయిల్ రాయండి. కన్వర్టర్‌లో ఒక లీటరు ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఆయిల్) పోయండి. గేర్‌బాక్సు నోరు పైకి వచ్చేలా వాల్చి, కన్వర్టర్‌ను రెండు చేతులా పట్టుకుని, బలం పెట్టకుండా నెమ్మదిగా తిప్పండి. ఒకసారి దిగుతుంది. తిప్పుతూ ఉంటే ఇంకోసారి దిగుతుంది. నూటికి తొంభైమంది ఇక్కడే ఆపేస్తారు. ఆపకండి, మూడోసారి దిగాలి. ఆ తర్వాత స్కేలు పెట్టండి. రాసుకున్న లోతు రాకపోతే పైకి తీసి మళ్లీ మొదలుపెట్టండి. సుత్తి దగ్గరికి రానివ్వకండి.

కూర్చున్నాక నోటికి అడ్డంగా ఒక ఇనుప పట్టీ బిగించండి, లేకపోతే పెట్టెను కదిలించేటప్పుడు కన్వర్టర్ ముందుకు జారి మళ్లీ ఊడుతుంది. ఇంజన్‌కు ఆనించే క్షణంలోనే పట్టీ తీయాలి. ఇంజన్, గేర్‌బాక్సు ముఖాలు చేతితో నెడితేనే కలిసిపోవాలి. వేలు పట్టేంత సందు మిగిలిందా, అక్కడే ఆగండి. బోల్టు బిగిస్తే ఆ సందు మూసుకుంటుంది, నిజమే. కానీ మూసుకునేది కన్వర్టర్ పంపు షాఫ్టును వెనక్కి తోస్తూ. ఇంజన్ స్టార్ట్ చేసిన వెంటనే పంపు పగులుతుంది. అందుకే ఈ బోల్టులకు గాలి గన్ను వాడవద్దు, చేతి పానాతో ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించండి. బిగించాక ఇంజన్ పైనున్న రంధ్రంలోంచి కన్వర్టర్‌ను కదిపి చూడండి. అది స్వేచ్ఛగా తిరగాలి, కాస్త ముందుకు వస్తేనే డ్రైవ్ ప్లేటుకు (ఇంజన్ క్రాంకు చివర ఉండే, కన్వర్టర్ బిగించే పలకకు) ఆనాలి. తిరగకపోతే మళ్లీ విడదీయండి, రాత్రి అయినా సరే.

ఆ రంధ్రంలోంచే కన్వర్టర్ బోల్టులు వేయాలి. సాకెట్‌లో కాస్త గ్రీజు పెడితే బోల్టు లోపల పడిపోదు. క్రాంకు పుల్లీని 22 పానాతో తిప్పుతూ ఒక్కో బోల్టు ఎక్కించండి.

ముందు డిఫరెన్షియల్‌కు ఆయిల్ వేరు, దాని కొలపుల్ల కూడా వేరు. అందులో పోయాల్సింది గేర్ ఆయిల్, ఏటీఎఫ్ కాదు. ఏటీఎఫ్ మట్టాన్ని బండి వేడెక్కాక, ఇంజన్ నడుస్తుండగా, లివరును అన్ని గేర్లలోకీ తిప్పి పార్కులో పెట్టి చూడాలి.

తర్వాత ఖాళీ స్థలంలో స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా గుండ్రంగా నడపండి. బండి బిగుసుకుని, టైర్లు కీచుమంటే నిష్పత్తి తప్పింది, లేదా క్లచ్ పట్టేసింది. ఇంజన్ గదిలో ఎఫ్‌డబ్ల్యూడీ (ఫ్రంట్ వీల్ డ్రైవ్) అని రాసిన ఖాళీ హోల్డరులో ఫ్యూజు పెడితే వెనక చక్రాలకు శక్తి ఆగుతుంది. బిగుతు అప్పుడు పోతే క్లచ్ వదులుతోందన్నమాట, నిష్పత్తులు మళ్లీ లెక్కపెట్టండి. ఫ్యూజు పెట్టినా పోకపోతే క్లచ్చే పట్టేసి ఉంది. కడపలో ఏ ఆటోమేటిక్ బండికి కన్వర్టర్ విప్పి బిగించినా నేను గువ్వలచెరువు ఘాటు ఎక్కించి, దిగాక ఆయిల్ మట్టం మళ్లీ చూస్తాను. నాలుగు టైర్లూ ఒకే కొలతవి, ఒకేలా అరిగినవి కాకపోతే మాత్రం ఆ పరీక్షకు కూడా బండి తీయను, ముందు టైర్లు మార్చమంటాను.