సరుగుడు తోట నరికించే ముందు, మళ్ళీ నాటే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

ఈ వేసవిలో మన తీరం వెంబడి ఒక ఊరిలో, సరుగుడు కొట్టించాక మిగిలిన తలకొమ్మలకు పెట్టిన నిప్పు గాలికి లేచి పక్కనున్న జీడితోటను పట్టుకుంది. మనుషులకు ప్రమాదం జరగలేదు. కాలిపోయిన జీడిచెట్లకు నష్టం ఎవరు కట్టాలన్నదే ఊరిలో చర్చ అయింది. నిప్పు పెట్టిన రైతు తన సొంత నేలలో పోగొట్టుకున్నది ఎవరి లెక్కలోకీ రాలేదు, ఎందుకంటే అది వచ్చే విడత మొక్కలు ఎదగకుండా నిలిచిపోయినప్పుడు గాని బయటపడదు. రణస్థలం, ఎచ్చెర్ల, పూసపాటిరేగ, భోగాపురం మండలాలలోని ఇసుక నేలల్లోనూ ఎర్రమెట్టల్లోనూ రెండో విడతో మూడో విడతో వేయబోతున్న వారి కోసం ఇది రాస్తున్నాను. చెట్టు ఎటు పడుతుందో, రంపం ఎలా పట్టాలో కూలీలకు మనకంటే బాగా తెలుసు కనుక ఆ సంగతులు వదిలేస్తున్నాను.

నేను చూసినంతలో తోటలను పాడుచేస్తున్న తప్పు ఒక్కటే. కాండం అమ్ముకున్నాక కొమ్మనూ ఆకునూ కాల్చివేయడం, లేదా అంతకు ముందు నుంచే రాలిన ఆకును ఏటా ఊడ్పించి పొయ్యిలోకి పంపడం. దిగుబడి తగ్గిన రైతు నర్సరీని తప్పుపడతాడు, వానను తప్పుపడతాడు, కాల్చిన నిప్పును మాత్రం తప్పుపట్టడు.

ఇది ఎందుకు ఇంత పెద్ద తప్పు అవుతుందో అర్థం కావాలంటే తోట వయసుతో పాటు నేలలో జరిగే మార్పు తెలియాలి. మొక్క నాటిన తొలి దశలో నేల నుంచి తీసుకునేది కొద్దిగానే ఉంటుంది. కొమ్మలు ఒకదానికొకటి కలిసి నీడ కమ్ముకునే దశలో, కొత్త ఆకంతా ఒక్కసారిగా తయారవుతుంది గనుక, భాస్వరం, పొటాష్, సున్నం (కాల్షియం), మెగ్నీషియం నేల నుంచి అత్యధికంగా లాగబడతాయి. ఆ తరువాత చెట్టు ముదురు ఆకులోని పోషకాలలో కొంత భాగాన్ని రాలకముందే వెనక్కి తీసుకుంటుంది, మిగిలినది ఆకుతో పాటు నేలపై పడి నెమ్మదిగా కుళ్ళి తిరిగి వేరుకు అందుతుంది. పైన్, స్ప్రూస్ వంటి శంఖాకార వృక్షాల తోటలు దశాబ్దాల పాటు నిలిచి ఉంటాయి గనుక ఈ చక్రం తిరగడానికి వాటికి సమయం దొరుకుతుంది. మనం సరుగుడును నాలుగైదేళ్ళకే, అంటే నేల నుంచి లాగడం పూర్తయి తిరిగి ఇవ్వడం సరిగా మొదలుకాకముందే నరికేస్తాము. పైగా లేత చెట్టులో బెరడు వాటా ఎక్కువ కాబట్టి టన్నుకు బయటికి పోయే పోషకాలూ ఎక్కువే.

సరుగుడు పైన్ జాతికి చెందినది కాదు, దాని వేరు బుడిపెలలోని ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి గాలి నుంచి నత్రజనిని పట్టి ఇస్తుంది. అందువల్ల తోట వయసు పెరిగేకొద్దీ నత్రజని కొంత చేరుతూ ఉంటే మిగిలినవి తరుగుతూ పోతాయి, నేల క్రమంగా పులుపెక్కుతుంది. నేలకు బలం వచ్చిందని మనవాళ్ళు అనుకునేది ఈ నత్రజనిని చూసే. భాస్వరం లేనిదే బుడిపెలు సరిగా పనిచేయవు గనుక చివరికి ఆ నత్రజని కూడా దక్కదు.

చెట్టు బరువులో కొమ్మా ఆకూ చిన్న భాగమే అయినా పోషకాలలో వాటి వాటా చాలా పెద్దది. వాటిని కాల్చితే నత్రజని గాలిలో కలిసిపోతుంది, బూడిదలో మిగిలిన పొటాష్‌ను ఇసుక నేలలో తొలి వానలే కిందికి కడిగేస్తాయి. దక్షిణ ఆస్ట్రేలియాలో మౌంట్ గాంబియర్ ప్రాంతపు ఇసుక నేలల్లో రేడియాటా పైన్ రెండో విడత మొదటిదానికన్నా తక్కువగా పెరుగుతోందని 1960లలో గుర్తించారు, కొమ్మలను కాల్చడం మాని నేలపైనే ఉంచి కలుపును అదుపు చేశాక పెరుగుదల తేరుకుంది. జర్మనీలో పశువుల కింద పరచడానికి సూదిఆకును తరతరాలు ఊడ్చుకుపోయిన పైన్ అడవుల నేలలు నిస్సారమయ్యాయి. మన దగ్గర పొయ్యి కోసం ఊడ్చేదీ అదే రకం ఆకు, జరిగేదీ అదే.

భూసార పరీక్షకు మట్టి నరకక ముందే తీయండి. కాల్చిన నేల నుంచి తీస్తే బూడిద వల్ల పొటాషూ, నేల పులుపును కొలిచే ఉదజని సూచికా (pH) ఎక్కువగా కనిపించి, ఎరువు అక్కరలేదన్న తప్పుడు ధైర్యం వస్తుంది. వరుసల మధ్య రాలిన ఆకును పక్కకు జరిపి, పది చోట్ల తీసి కలపండి, పైమట్టికీ కింది మట్టికీ వేరువేరు సంచులు వాడండి. సందేహముంటే ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి.

వ్యాపారికి తోటను గుత్తకు ఇచ్చేటప్పుడే తలకొమ్మలు, ఆకు, బెరడు పొలంలోనే వదలాలని మాట తీసుకోండి, బేరం కుదిరాక చెబితే వినరు. బెరడు తీసే పని ఉంటే తోటలోనే తీయించండి, సున్నం ఎక్కువగా ఉండేది దానిలోనే. కొమ్మలను కుప్ప వేయకండి, చిన్నవిగా నరికి వరుసల మధ్య పలుచగా పరచండి. కుప్పకు నిప్పు సులభంగా అంటుకుంటుంది, పైగా పోషకాలన్నీ ఒకే చోట మిగిలిపోతాయి. గట్టు చుట్టూ బండి పట్టేంత వెడల్పున ఎండాకు లేకుండా ఖాళీ ఉంచండి. పరచిన రొట్టను వెంటనే లోతుగా దున్నకండి, కుళ్ళేటప్పుడు అది మట్టిలోని నత్రజనిని కొంతకాలం పట్టి ఉంచుతుంది. బెరడు పొక్కులు కట్టి నల్లని పొడి రాలే తెగులు సోకిన చెట్లను మాత్రం వేరుతో పెకలించి తోట బయట తగలబెట్టండి. నిప్పుకు నేను ఒప్పుకునేది ఈ ఒక్క చోటే. మొక్కలు కొనేటప్పుడు ఒకటి పెరికి వేరుకు బుడిపెలున్నాయో లేదో చూడండి. లేకపోతే ఆరోగ్యమైన చెట్ల వేరు బుడిపెలను నలిపి నీటిలో కలిపి నర్సరీలోనే పోయించండి. యూరియా గుమ్మరించకండి, బుడిపెలు కట్టవు. భాస్వరానికి సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ వాడితే సున్నమూ గంధకమూ కూడా అందుతాయి. పొటాష్‌ను ఇసుక నేలలో ఒకేసారి వేయకండి. నాటాక మొదటి ఏడు కలుపు తీయించండి. ఆకు ఊడ్చేవారిని తోటలోకి రానివ్వకండి, వంటచెరకు కావాలని అడిగితే ఎండిన లావు పుల్లలు ఇవ్వండి, ఆకు ఇవ్వకండి. కొమ్మ కాల్చకండి. పక్క రైతు కాలుస్తుంటే వెళ్ళి ఆపండి. దున్నడానికి అడ్డమని ట్రాక్టరు డ్రైవరు అగ్గిపెట్టె తీస్తే, ఆ రోజు దున్నకం మానుకుని ట్రాక్టరును వెనక్కి పంపండి.