రూల్ రాసినా డాట్‌క్యాష్ ఫోల్డర్ తగ్గట్లేదా?

30 రోజులు దాటిన క్యాష్‌ని తీసేయమని లైనక్స్‌లో పాత ఫైళ్లని శుభ్రం చేసే సిస్టమ్‌డీ టెంప్‌ఫైల్స్‌కి రూల్ రాసి పెట్టారు. రెండు నెలలైంది. హోమ్‌లో యాప్‌లు తాత్కాలిక ఫైళ్లు దాచుకునే డాట్‌క్యాష్ ఫోల్డర్ మాత్రం పెరుగుతూనే ఉంది. ఎక్కడా ఎర్రర్ లేదు, లాగ్‌లోనూ ఏమీ లేదు.

ముందు టైమర్ చూడండి

ఎన్నిసార్లు చెప్పినా ఇది దాటేసి రూల్‌నే తిరగరాస్తూ కూర్చుంటారు. ఈ శుభ్రం చేసే పనిని వేళకి నడిపే టైమర్లు రెండు ఉంటాయి. సిస్టమ్ టైమర్ మామూలుగా నడుస్తూనే ఉంటుంది, కానీ మీ హోమ్‌లోని సెట్టింగుల ఫోల్డర్ డాట్‌కాన్ఫిగ్‌లో ఉన్న రూల్‌ని అది చదవనే చదవదు. చదివేది యూజర్ టైమర్. సిస్టమ్‌సీటీఎల్ కమాండ్‌కి యూజర్ ఆప్షన్ ఇచ్చి టైమర్ల లిస్ట్ అడగండి. అందులో టెంప్‌ఫైల్స్ క్లీన్ కనపడకపోతే ఎనేబుల్ చేసి, ఒకరోజు ఆగి చూడండి. చాలామందికి ఇక్కడితో సరిపోతుంది.

టైమర్ నడుస్తున్నా ఫైళ్లు పోవట్లేదంటే

నన్ను బాగా తిప్పలు పెట్టింది ఇదే. రూల్‌లో 30 రోజులు అంటే ఫైల్ రాసి 30 రోజులు అనుకుంటాం. టెంప్‌ఫైల్స్ లెక్క వేరు. ఫైల్ పుట్టిన టైమ్, చివరిసారి చదివిన టైమ్, మార్చిన టైమ్, దాని ఓనర్, పర్మిషన్ లాంటి వివరాలు మారిన టైమ్, అన్నిటినీ చూస్తుంది. అన్నీ 30 రోజులు దాటితేనే తీస్తుంది. ఒక్కటి కొత్తగా ఉన్నా వదిలేస్తుంది.

నా మెషీన్‌లో రోజూ రాత్రి బ్యాకప్ నడిచేది. అది హోమ్ మొత్తం చదువుతుంది, డాట్‌క్యాష్‌తో సహా. రీడ్ టైమ్‌ని ఎప్పుడు మార్చాలో చెప్పే రెల్‌ఎటైమ్ అనే సెట్టింగ్ (కెర్నల్ డిఫాల్ట్ ఇదే) ప్రకారం, పాత రీడ్ టైమ్‌కి 24 గంటలు దాటి ఉంటే మళ్లీ చదివినప్పుడు అది అప్‌డేట్ అవుతుంది. అంటే ఏ యాప్ ముట్టుకోని ఫైల్ కూడా రోజూ కొత్తదైపోతోంది. రూల్‌లో తప్పేముందా అని వారాల తరబడి వెతికాను. రూల్‌లో తప్పేమీ లేదు.

మీదీ ఇదేనా అన్నది తేల్చుకోవడం తేలిక. పాతదని మీకు తెలిసిన ఒక ఫైల్ మీద, ఈ టైమ్‌లన్నీ చూపించే స్టాట్ కమాండ్ నడపండి. యాక్సెస్ టైమ్ (చివరిసారి చదివింది) ఒక్కటే నిన్నటిదైతే బ్యాకప్పో, సెర్చ్ ఇండెక్సరో చదువుతోంది. చేంజ్ టైమ్ (ఓనర్, పర్మిషన్ లాంటివి మారింది) ఒక్కటే కొత్తదైతే హోమ్ మీద ఎవరో ఓనర్‌ని మార్చే చోన్ కమాండ్ నడిపి ఉంటారు. అప్పుడు ఆ రోజు నుంచి 30 రోజులు ఆగితే అదే సర్దుకుంటుంది.

బ్యాకప్ అయితే డాట్‌క్యాష్‌ని బ్యాకప్ నుంచి తప్పించండి. క్యాష్‌ని బ్యాకప్ చేసి సాధించేదేమీ లేదు, బ్యాకప్‌లో స్థలం కూడా మిగులుతుంది. చదివేది ఆపడం మీ చేతుల్లో లేకపోతే, రూల్‌లో 30 రోజుల ముందు చిన్న ఎమ్, పెద్ద ఎమ్, కోలన్ పెట్టండి. చిన్నది ఫైళ్లకి, పెద్దది ఫోల్డర్లకి. అప్పటినుంచి మార్చిన టైమ్ ఒక్కటే చూస్తుంది. ఇది సిస్టమ్‌డీ 250లో వచ్చింది, అంతకన్నా పాత వెర్షన్‌లో పనిచేయదు.

దయచేసి ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. మార్చిన టైమ్‌తో లెక్కిస్తే, ఒకసారి దిగి రోజూ చదవబడే ఫైళ్లు కూడా నెలకి పోతాయి. థంబ్‌నెయిల్స్ పోతే మళ్లీ తయారవుతాయి. కానీ హగ్గింగ్‌ఫేస్ సైట్ నుంచి తెచ్చుకునే ఏఐ మోడల్స్ దిగేదీ డాట్‌క్యాష్‌లోనే, అవి పోతే గిగాబైట్ల కొద్దీ మళ్లీ దించుకోవాలి. అలాంటి ఫోల్డర్లకి చిన్న ఎక్స్‌తో మొదలయ్యే లైన్ రాసి తప్పించండి. టెంప్‌ఫైల్స్‌ని చేత్తో నడిపి చూసేటప్పుడు క్లీన్ ఆప్షనే వాడండి. పర్జ్ ఆప్షన్ జోలికి మాత్రం వెళ్లకండి, అది వయసు చూడదు.

అరుదుగా కనపడేవి

ఫ్లాట్‌ప్యాక్ ప్యాకేజీలుగా వేసుకున్న యాప్‌ల క్యాష్ హోమ్‌లోని డాట్‌వార్ ఫోల్డర్ కింద ఉంటుంది, దానికి వేరే లైన్ కావాలి. ఫైళ్లు పోయినా డిస్క్‌లో స్థలం రాకపోతే బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ఫైల్‌సిస్టమ్ స్నాప్‌షాట్లు (పాత స్థితి కాపీలు) వాటిని పట్టుకుని ఉండొచ్చు. అవీ లేకపోతే ఆ ఫైళ్లని ఏదో యాప్ ఇంకా తెరిచి ఉంచింది, లాగౌట్ అయి రండి.